అప్పుడప్పుడు నడపడానికి సెకండ్ హ్యాండ్ కారు: ఒడిశా వైపు సరిహద్దు ఊళ్లవాళ్లు ఎలా కొనాలి

"రాయగడలో ఉంటాం సార్. నెలకి రెండుసార్లు పార్వతీపురం, ఏడాదికి నాలుగైదుసార్లు వైజాగ్‌లో ఆసుపత్రి పని, మధ్యలో పెళ్లిళ్లు. మూడు లక్షల్లోపు ఏ కారు తీసుకోమంటారు?"

ఈ ప్రశ్న నన్ను పర్లాకిమిడి నుంచి అడిగారు, గుణుపురం నుంచి అడిగారు, జయపురం నుంచి అడిగారు. ఊరు మారుతుంది గానీ ప్రశ్న మారదు. అందరూ మోడల్ పేరే అడుగుతారు. మనకి మోడల్ మూడో సంగతి. మొదటిది బండి మీద నంబరు ఏ రాష్ట్రానిదన్నది. రెండోది ఆ బండి ఎంతకాలం కదలకుండా నిలబడిపోయిందన్నది.

నేను మెకానిక్‌ని కాను. చుట్టాలకీ వీధిలోవాళ్లకీ బళ్లు చూసిపెడుతూ, మధ్యలో ఒకసారి నా చెయ్యి కూడా కాల్చుకుని నేర్చుకున్నవి ఇవి.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- టార్చి లైటు, ఒక పాత గుడ్డ, ఫ్రిజ్ తలుపుకి అంటించే చిన్న అయస్కాంతం
- ఫోన్‌లో ఎం-పరివాహన్ యాప్ (నంబరు కొడితే బండి రిజిస్ట్రేషన్ వివరాలు చూపించే ప్రభుత్వ యాప్)
- మీకు తెలిసిన మెకానిక్ తాలూకు సగం రోజు. ఆ రోజు కూలి మీరే ఇవ్వండి, బ్రోకర్‌ని ఇవ్వనివ్వకండి
- దొరికితే ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చదివే పరికరం). లేకపోయినా పని ఆగదు
- బడ్జెట్‌లో ఆరో వంతు విడిగా. మూడు లక్షలుంటే రెండున్నర లక్షల బండే చూడండి. మిగతా యాభై వేలు టైర్లకి, బ్యాటరీకి, కాగితాలకి తప్పకుండా ఖర్చవుతాయి

1. ముందు అసలు కొనాలా అని లెక్క వేసుకోండి

ఇంటి ముందు నిలబడి ఉన్నా కారు డబ్బు తింటుంది. 1000 సీసీ లోపు కారుకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఏడాదికి 2,094 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీకి 3,416 రూపాయలు. ఇవి 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్లు, జీఎస్టీ వేరు. దానిమీద పొల్యూషన్ సర్టిఫికెట్, ఏడాదికో సర్వీసు, మూడు నాలుగేళ్లకో బ్యాటరీ. గత ఏడాది ట్యాక్సీలకి ఎంత పెట్టారో కూడి చూడండి. నెలకి ఒక్కసారి కూడా బండి తియ్యని ఇల్లయితే అద్దె బండే లాభం. అర్ధరాత్రి ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఎలా అన్న టెన్షన్ తోనే చాలామంది కొంటారు. అదీ న్యాయమైన కారణమే, కాదనను.

2. ఏ నంబరు బండి కొనాలో తేల్చుకోండి

ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా పడిపోతారు. వైజాగ్‌లో బళ్లు ఎక్కువ, ఎంచుకోవడానికి వీలు, భాష మనదే. బరంపురం, భువనేశ్వర్ వెళ్లేకన్నా అదే దగ్గరనిపిస్తుంది. తీరా కొన్నాక ఏపీ ప్లేటు మీదే రాయగడలో తిప్పేస్తారు.

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలకి మించి ఉంచుకుంటే అక్కడి నంబరు తీసుకోవాలి. పేరు మార్పిడికి గడువు ఇంకా తక్కువ, కొన్నవాళ్లు 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. ఏపీ బండికి ఒడిశా నంబరు రావాలంటే జరిగే పని ఇది:

- అమ్మేవాళ్లు తమ ఆర్టీఓ ఆఫీసులో ఫారం 28 పెట్టి మీ ఆర్టీఓ పేరు మీద ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న కాగితం) తీసుకోవాలి
- బండి మీద లోను ఉండి ఉంటే, బ్యాంకు పేరు తీయించడానికి ఫారం 35, బ్యాంకు ఇచ్చిన లెటరు ఇవ్వాలి
- మీరు ఇక్కడ కొత్త నంబరుకి ఫారం 27, పేరు మార్పిడికి ఫారం 29, 30 పెట్టి, బండి వయసుని బట్టి ఒడిశా ట్యాక్సు కట్టాలి

ఆ ట్యాక్సు ఎంతవుతుందో కొనక ముందే మీ ఆర్టీఓ ఆఫీసులో అడగండి. బండి మోడల్, తొలిసారి రిజిస్టరైన తేదీ, అప్పటి ఇన్వాయిస్ ధర తీసుకెళ్తే లెక్క చెబుతారు. ఆ అంకె బండి ధరకి కలిపి, అప్పుడు ఒడిశా బండి ధరతో పోల్చండి. వైజాగ్‌లో 25 వేలు చవగ్గా కనిపించిన బండి, ఇంటికి చేరేసరికి ఇక్కడి బండికన్నా ఎక్కువ పడటం నేను చాలాసార్లు చూశాను. "ఆంధ్రాలో కట్టిన లైఫ్ ట్యాక్సు వాపసొస్తుంది కదా" అంటారు బ్రోకర్లు. ఆ మాట నమ్మి ధర ఒప్పుకోకండి.

అందుకే నా సలహా: రాయగడవాళ్లు ముందు ఓడీ 18, ఓడీ 10, ఓడీ 07, ఓడీ 20 బళ్లు వెతకండి. అంటే రాయగడ, కోరాపుట్, గంజాం, గజపతి జిల్లాల నంబర్లు. ఇవైతే నంబరు మారదు, పేరు మారితే చాలు. ఊళ్లో మెకానిక్‌ని, ఇన్సూరెన్స్ ఏజెంటుని, కాలేజీ లెక్చరర్లని అడగండి. మంచి బండి చాలాసార్లు అమ్మకానికి పెట్టకముందే నోటిమాట మీద పోతుంది.

ఢిల్లీ నుంచి వచ్చిన బళ్ల సంగతి ఒక్క మాట. అక్కడ 10 ఏళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోలు బళ్ల మీద ఆంక్షలు పెట్టారు కాబట్టి చవగ్గా తోలేస్తారు. ఎన్‌వోసీ చేతిలో లేని ఢిల్లీ బండి ఎంత మెరుస్తున్నా వదిలేయండి.

3. పెట్రోలు, చిన్నది, మీ ఊళ్లో సామాను దొరికేది

డీజిల్ వద్దు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది తనని తాను శుభ్రం చేసుకోవాలంటే హైవే మీద కాసేపు ఆగకుండా నడవాలి. మార్కెట్టుకీ గుడికీ తిరిగే బండిలో అది పూడుకుపోతుంది. బాగుచేయడానికయ్యే ఖర్చు ఈ బడ్జెట్‌కి తగ్గది కాదు.

మారుతి ఆల్టో, వ్యాగన్ ఆర్, సెలెరియో, పెట్రోలు స్విఫ్ట్, హ్యుందాయ్ ఐ10, గ్రాండ్ ఐ10, శాంత్రో, టాటా టియాగో. వీటిలో ఏది బాగా ఉంటే అది. ఇంట్లో మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లుంటే వ్యాగన్ ఆర్. అందులో కూర్చోవడానికి ఒంగక్కర్లేదు. షెవ్రొలే 2017 చివరికి మన దేశంలో అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ 2021లో తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది, డాట్సన్ 2022లో వెళ్లిపోయింది. ఆ బళ్లు చెడ్డవని కాదు. బంపర్ బ్రాకెట్ విరిగితే రాయగడలో కూర్చుని దానికోసం ఎన్ని రోజులు చూస్తారన్నదే ప్రశ్న.

2019 జూలై తర్వాత తయారైన కార్లకి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) తప్పనిసరి. దొరికితే, పది పదిహేను వేలు ఎక్కువైనా ఆ తర్వాతిదే చూడండి. మన రోడ్ల మీద రాత్రిపూట పశువులు ఎక్కడ ఎదురొస్తాయో తెలీదు.

4. ఇంట్లో కూర్చునే సగం బళ్లు తీసేయండి

నంబరు చెప్పమని అడిగి ఎం-పరివాహన్‌లో కొట్టండి. చూడాల్సినవి: యజమాని ఎన్నోవాడు, తొలి రిజిస్ట్రేషన్ తేదీ, బ్యాంకు పేరు హైపోథికేషన్‌లో (లోను ఇచ్చినవాళ్ల పేరుండే గడి) ఇంకా ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా. ఈ-చలాన్ సైట్‌లో బాకీలు విడిగా చూడండి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి. అది దగ్గరపడితే రెన్యువల్ ఖర్చు మీదే. యాప్‌లో వివరం రాకపోతే ఆర్టీఓ ఆఫీసులోనే అడగండి, అమ్మేవాడు పంపిన స్క్రీన్‌షాట్ చాలదు.

నా పొరపాటు ఇక్కడే జరిగింది. వైజాగ్‌లో ఒక వ్యాగన్ ఆర్ కొన్నాను. "లోను ఎప్పుడో తీరిపోయింది" అన్నారు. నిజమే, తీరింది. కానీ ఆర్సీలో బ్యాంకు పేరు తీయించలేదు. డబ్బిచ్చి బండి తెచ్చుకున్నాక బ్యాంకు లెటరు గడువు దాటిపోయిందని తెలిసింది. ఈలోగా అమ్మినాయన ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లిపోయాడు. ఈ పనికి కావాల్సిన ఓటీపీ ఆయన పాత నంబరుకి వెళ్తుంది, ఆ సిమ్ ఆయన దగ్గర లేదు. ఏడు నెలలు తిరిగాను. అందుకే ఇప్పుడు ఎవరికి బండి చూసినా నా రెండో ప్రశ్న ఇదే: ఆర్సీకి లింకైన ఫోన్ నంబరు ఇప్పుడు మీ చేతిలో ఉందా?

5. చల్లటి ఇంజిన్ చూడండి

పొద్దున్నే వెళ్లండి. ముందే చెప్పండి, "నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దు" అని. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేసి చూడండి. వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నారని అనుమానించండి, మళ్లీ వస్తానని చెప్పి వచ్చేయండి.

ఆయిల్ పోసే మూత తీసి లోపలివైపు చూడండి. మీగడలా తెల్లటి జిగురు ఉంటే రెండు కారణాలు. ఎప్పుడూ చిన్న దూరాలే తిరిగిన బండిలో తేమవల్ల కొంచెం పడుతుంది, అది భయపడాల్సింది కాదు. కూలెంట్ ట్యాంకులో కూడా నూనె తెట్టు తేలుతుంటే మాత్రం హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్‌లో ఆయిలూ కూలెంటూ కలవకుండా ఆపే పొర) పోయినట్టే. ఇంకేం చూడక్కర్లేదు, వదిలేయండి.

సెల్ఫ్ కొట్టాక పొగ చూడండి. చలి పొద్దుట కాసేపు తెల్ల ఆవిరి మామూలే. నీలం పొగ ఆయిల్ కాలుతోందని. నల్లది పెట్రోలు ఎక్కువ తాగుతోందని.

6. నిలబడిపోయిన బండిని గుర్తుపట్టండి

"డాక్టరుగారి బండి, పదేళ్లలో 21 వేలే తిరిగింది" అంటే అందరికీ నోరూరుతుంది. పర్లాకిమిడిలో సరిగ్గా ఇలాంటి ఆల్టో ఒకటి చూశాను. పైకి పెళ్లికూతురిలా ఉంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులు తీసి చూద్దును కదా, లోపల వేరుశనగ తొక్కలు, ఊక, చింపిన దూది. ఎలుక కాపురం. టార్చి వేసి చూస్తే ఇంజెక్టర్ల వైపు వెళ్లే వైరు మీద తోలు కొరికేసి రాగి బయటపడింది. అమ్మేవాళ్లకి నిజంగానే తెలీదు పాపం. బండి స్టార్టవుతోంది కాబట్టి బాగుందనుకున్నారు.

తక్కువ కిలోమీటర్లు మంచి గుర్తు అని నేను ఒప్పుకోను. అప్పుడప్పుడూ అయినా క్రమం తప్పకుండా తిరిగి 60 వేలు చేసిన బండి, షెడ్డులో నిద్రపోయి 20 వేలు చేసిన బండికన్నా నయం. చూడాల్సినవి ఇవి:

- టైర్లు: పక్క గోడ మీద చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. టైరు గాడులు నిండుగా ఉన్నా ఆరేడేళ్లు దాటితే, పక్కన సన్న పగుళ్లు కనిపిస్తే, నాలుగూ మార్చాల్సిందే. ఆ డబ్బు ధరలో తగ్గించమనండి
- బ్రేకులు: డిస్కు మీద పైపైన తుప్పు రెండు బ్రేకులకి పోతుంది. గుంటలు పడితే పోదు. హ్యాండ్ బ్రేక్ దించాక బండిని చేత్తో తోసి చూడండి. కదలనని మొరాయిస్తే వెనక బ్రేకులు పట్టేశాయి. వానాకాలం హ్యాండ్ బ్రేక్ లాగి వదిలేసిన బళ్లలో ఇది మామూలు జబ్బు
- రబ్బరు గొట్టాలు, బెల్టు: వంచి చూడండి, పగుళ్లు ఉండకూడదు. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత బళ్ల గొట్టాలు దానికోసం చేసినవి కావు. పెట్రోలు వాసన ఎక్కడ వచ్చినా ఆగి చూడండి
- వైర్లు: టార్చితో. ఫిల్టర్ డబ్బా తప్పకుండా తెరవండి

కిలోమీటర్లు వెనక్కి తిప్పారేమో అన్న అనుమానం వేరు. 30 వేలు చూపిస్తున్న బండిలో క్లచ్ పెడల్ రబ్బరు అరిగి నున్నగా అయిపోయి, స్టీరింగ్ పట్టుకునే చోట మెరుస్తుంటే ఆ అంకె అబద్ధం. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పాత రికార్డు ఉంటుంది, యజమానిచేత అడిగించండి. ట్యాక్సీ ప్లేటు తీసి ఓన్ బోర్డు చేసిన బళ్లు కూడా ఇక్కడే దొరికిపోతాయి.

7. నీళ్లలో మునిగిందా, గుద్దుకుందా

2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి విజయవాడలో వేల బళ్లు మునిగాయి. 2023 డిసెంబరులో చెన్నైలోనూ అంతే. మునిగిన బండిని కడిగి, దూరం ఊళ్లో అమ్మడం పాత వ్యాపారం.

సీటు బెల్టుని చివరిదాకా లాగండి. అందరూ సీట్లు కడుగుతారు గానీ, బెల్టు చుట్టలోపలి చివరి మూర ఎవరూ కడగరు. అక్కడ మట్టి చార కనిపిస్తే సంగతి తేలిపోయినట్టే. సీట్ల కింద పట్టాల బోల్టులు, స్టెప్నీ గుంట, తివాచీ కింద రేకు కూడా చూడండి. సెంటు గుప్పుమంటున్న బండిలో అద్దాలన్నీ మూసి, ఏసీ వేసి, ఐదు నిమిషాలు కూర్చోండి.

గుద్దిన గుర్తులకి: బానెట్, తలుపుల కీళ్ల బోల్టుల మీద రంగు లేచిందేమో చూడండి. పానా పడితేనే లేస్తుంది. అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి తలుపుల అడుగున, చక్రాల పైన ఆనించండి. పట్టు సడలిన చోట రేకు మీద పుట్టీ ఉంది. తలుపు ఒక్కటి టింకరింగ్ చేయించి ఉంటే ఫరవాలేదు, మన సందుల్లో గీత పడని బండి ఉండదు. ముందు చాసిస్ కాళ్ల మీద వెల్డింగ్ కనిపిస్తే మాత్రం వద్దు.

8. టెస్ట్ డ్రైవ్‌కి ఎత్తు ఎక్కించండి

వీధి చివరిదాకా వెళ్లి రావడం టెస్ట్ డ్రైవ్ కాదు. కనీసం అరగంట, ఏసీ వేసి, నలుగురు కూర్చుని నడపండి. కోరాపుట్ వైపువాళ్లకి సుంకి ఘాట్ ఉంది. మిగతావాళ్లు దగ్గర్లో ఏ ఎత్తు ఉంటే అది ఎక్కించండి.

మూడో గేరులో నెమ్మదిగా పోతూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కండి. ఇంజిన్ అరిచి వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయింది. ఎత్తు మీద ఆపి హ్యాండ్ బ్రేక్ వేసి చూడండి. దిగేటప్పుడు బ్రేకు వేస్తే బండి ఒక పక్కకి లాగకూడదు. మైదానంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి గుండ్రంగా నడపండి. టకటక శబ్దం వస్తే చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ అరిగినట్టు. తిరిగొచ్చాక ఆపెయ్యకండి, పది నిమిషాలు ఆన్‌లో ఉంచి ఫ్యాన్ తిరుగుతోందా, టెంపరేచర్ నిలకడగా ఉందా చూడండి.

ఆ తర్వాతే మెకానిక్ దగ్గర ర్యాంపు ఎక్కించండి. కింద నుంచి లీకులు, బుష్‌లు, తుప్పు ఆయన చూస్తాడు. గోపాలపూర్, బరంపురం వైపు సముద్రం గాలికి తిరిగిన బళ్లకి ఇది ఇంకా అవసరం.

9. డబ్బూ కాగితాలూ కలిసి నడవాలి

టోకెన్ ఐదు వేలకి మించి ఇవ్వకండి. పక్క రాష్ట్రం బండయితే ఎన్‌వోసీ వచ్చేదాకా పెద్ద మొత్తం ఇవ్వకండి. బ్యాంకు ద్వారానే, ఆర్సీలో ఉన్న మనిషి ఖాతాకే పంపండి. బ్రోకర్ ఖాతాకి వద్దు. ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30, అమ్మేవాళ్ల ఆధార్ కాపీ, రెండో తాళం చెవి, బండి చేతులు మారిన తేదీ, గంట రాసిన కాగితం తీసుకోండి.

స్టాంపు పేపరు మీద రాసుకుంటే పేరు మారినట్టు కాదు. రికార్డులో యజమానిగా ఎవరి పేరుంటే ప్రమాదంలో పరిహారం బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. కాబట్టి పేరు త్వరగా మార్చుకోవడం అమ్మేవాళ్లకీ మంచిదే. ఈ మాట చెబితే నెమ్మదిగా ఉన్నవాళ్లు కూడా చురుగ్గా సంతకాలు పెడతారు.

ఇన్సూరెన్స్ మీ పేరుకి మార్చమని 14 రోజుల్లో అడగాలి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పాత యజమానిది, బండితో రాదు. బండి మీద ఫాస్టాగ్ ఉంటే పాత యజమానిచేత మూయించి మీరు కొత్తది తీసుకోండి.

10. ఇంటికి తెచ్చాక

ఎప్పుడు మార్చారో అమ్మినవాళ్లు ఏం చెప్పినా సరే, ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మార్చేయండి. వారానికోసారి 20 నిమిషాలు రోడ్డు మీద నడపండి. నిలబెట్టి స్టార్ట్ చేసి ఆపేస్తే బ్యాటరీ ఇంకా దిగుతుంది. ఎక్కువ రోజులు ఆపేటప్పుడు గేరులో వేసి చక్రానికి రాయి పెట్టండి, హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచొద్దు. ధాన్యం బస్తాల పక్కన పెట్టొద్దు. ఎందుకో పైన చదివారు.

11. కొత్త ఆర్సీ రాగానే

చాసిస్ నంబరు బండి మీద ఉన్నదానితో ఒక్కో అక్షరం పోల్చండి. ఇంజిన్ నంబరు, పెట్రోలు అన్న మాట, హైపోథికేషన్ గడి ఖాళీగా ఉందా చూడండి. తర్వాత మీ పేరు. మనవాళ్లకి ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా ఉంటుంది. ఒడిశాలో తీసుకున్న ఆధార్‌లో అదే ఇంటిపేరు పూర్తిగా, వెనక పడుతుంది. లైసెన్సులో ఒక రకంగా, ఆర్సీలో ఇంకో రకంగా ఉంటే క్లెయిమ్ రోజున ఇద్దరు మనుషులు అంటారు. దరఖాస్తు పెట్టేటప్పుడే ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి, ఇన్సూరెన్స్‌లోనూ అదే రాయించండి. తేడా వచ్చి ఉంటే అదే వారం ఆఫీసుకి వెళ్లి దిద్దించుకోండి.